చెరువుకు సున్నం

నీళ్లు లేని జిల్లాలో చేపల ఆఫీసరుగా పనిచేశాను. నవ్వుకోవాలనుకుంటే ఇక్కడే నవ్వుకోండి, నాకు అలవాటే. హిందూపురం బస్టాండులో టీ తాగుతుంటే తెలిసినవాళ్లు పలకరించే తీరే అది. "ఏమప్పా, యాడుండాయప్పా నీ చేపలు? ఇసకలో ఈదతాండాయా?" అనేవాళ్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ మాటకు నేనూ నవ్వేవాణ్ణి. రిటైరయ్యాక కూడా అంటూనే ఉన్నారు గానీ ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ ధర్మవరం వచ్చారు. పెనుకొండ వైపు కొన్ని చెరువుల్లో చేపపిల్లలు ఎందుకు బతకడం లేదో చెప్పమన్నారు. ఆ రోజు నోటితో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ మీకు అక్కర్లేదు. ఒకే ఒక్క చెరువు సంగతి చెబుతాను. దాన్ని బాగుచేయాలని చూశాం, కాలేదు. ఎందుకు కాలేదో తెలుసుకుంటే మీకు పనికొస్తుందేమో. చదివాక ఈ ఉద్యోగం వద్దనిపిస్తే అదీ మంచిదే.

నాయన రంగుల కాగు

మాది ధర్మవరం. మా నాయన పట్టునూలుకు రంగులు వేసేవాడు. కాగులో రంగునీళ్లు మరుగుతుంటే అందులో కాస్త ఆసిడ్ పోసేవాడు. పోయకపోతే పట్టుకు రంగు నిలవదు. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గేది. కాబట్టి ఆమ్లం నాకు పుస్తకాల్లో కాదు, ఇంట్లోనే పరిచయం.

పని అయ్యాక ఆ నీళ్లు ఇంటి ముందు కాలువలో పారబోసేవాడు. ఆ కాలువ పక్కన గడ్డి కూడా మొలిచేది కాదు. ఎందుకు మొలవదని ఒకసారి అడిగితే, "పనిచేసే తావున గడ్డి మొలిస్తే మనకు కూడు యాడ మొలుస్తాదిరా" అన్నాడు. ఆ తర్వాత అదే మాట చాలామంది నోట విన్నాను. మంచి ఇంగ్లీషులో, ఏసీ గదుల్లో, బిస్కెట్ల ప్లేటు ముందుకు జరుపుతూ చెప్పారు. మా నాయన మీద నాకు కోపం లేదు. ఆయన పారబోసింది కాగుతో. వీళ్లు పారబోసేది ట్యాంకర్లతో.

తేట నీళ్లు

చెరువు పేరు రాయను. ఆ ఊరివాళ్లు పడ్డది చాలు. హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారికి కాస్త లోపలగా, గుండుగుట్టల మధ్య ఉంటుంది. ఎగువన కొన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి. చెరువులో చేపలు పెంచుకునే హక్కు ఊళ్లో కొన్ని కుటుంబాల సంఘానిది. ఆ సంఘానికి పెద్ద అంజినమ్మ. పొడుగ్గా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పదు.

ఆమె భర్త నరసింహులు గొర్రెలు అమ్మేసి బెంగళూరు పోదామని పట్టుబట్టి కూర్చున్నాడు. అప్పటికే చిలమత్తూరు వైపు నుంచీ రొళ్ల వైపు నుంచీ సగం మంది బిల్డింగ్ పనులకు వెళ్లిపోయారు. వాళ్లింటి అరుగు మీద, నా ఎదుటే అంజినమ్మ తేల్చి చెప్పింది.

"ఈ తూరి చెరువు నిండనీ. చేప నిలిస్తే మనమూ ఈడనే నిలుస్తాం. నిలవకపోతే నువ్వు చెప్పినట్లే బెంగుళూరికి పోదాం. సార్ కూడా ఇంటాండాడు."

నేను విన్నాను. ఆ క్షణం నుంచి ఆ చెరువు నాకు మామూలు చెరువు కాకుండా పోయింది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మరవ మీదుగా పారింది. మన చెరువులు నిండినప్పుడు నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి, కొన్నాళ్లకు పాచి పట్టి ఆకుపచ్చకు తిరుగుతాయి. ఈ చెరువు అట్లా తిరగలేదు. మట్టి అడుక్కు పోయి నీళ్లు అద్దంలా తేటబడ్డాయి. గట్టు మీద నిలబడితే అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూడడానికి వచ్చారు. గంగమ్మ కరుణించిందన్నారు. బిందెలతో తీసుకుపోయారు. పుట్టినప్పటినుంచీ మట్టినీళ్లు తాగినవాళ్లకు తేట నీళ్లు కనబడితే అనుమానం ఎట్లా వస్తుంది? ఆ పొరపాటు మా సీమవాళ్లే చేయగలరు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మన చెరువుకు మురికే ఆరోగ్యం. నీళ్లను పచ్చబరిచే సన్నటి పాచి, దాన్ని తినే పురుగు, పురుగును తినే చేప, అన్నీ ఉంటే చెరువు తేటగా ఉండదు. తేటబడిందంటే లోపల ఎవరూ లేరని అర్థం.

ఎర్రనీళ్లు

చెరువు నిండింది కాబట్టి సంఘం ఆడవాళ్లు దానికి దిష్టి తీయాలనుకున్నారు. కొత్తనీళ్లు వచ్చే చోట తీయాలి గనక, ఎగువ నుంచి వాననీళ్లు తెచ్చే వంక వచ్చి చెరువులో కలిసే తావుకు పోయారు. నేనూ వెంట ఉన్నాను. పళ్లెంలో వంకనీళ్లు పోసి, పసుపు కలిపి, సున్నం వేశారు. పసుపూ సున్నమూ కలిస్తే నీళ్లు ఎర్రబడాలి. పసిబిడ్డలకూ పెళ్లికూతుళ్లకూ తీసే ఎర్రనీళ్లు ఇవే కదా, ఎవరికి తెలియదు.

నీళ్లు ఎర్రబడలేదు. పసుపుపచ్చగానే ఉండిపోయాయి.

"సున్నం పాతదైనాదేమో" అందొకామె. అంజినమ్మ తన ఆకువక్క సంచిలోంచి సున్నపు డబ్బీ తీసి ఇంకాస్త వేసి కలిపింది. ఒక్క క్షణం ఎర్రబడి మళ్లీ వెలిసిపోయింది. ఇంకొంచెం వేసింది. చివరికి ఎట్లాగో ఎరుపు నిలిచింది. కర్పూరం వెలిగించి తిప్పి పారబోశారు. అందరూ తృప్తిగా ఇళ్లకు పోయారు.

నేను ఆగిపోయి, ఆమ్లం ఉంటే రంగు మారే పీహెచ్ కాగితం జేబులోంచి తీసి వంకనీళ్లలో ముంచాను. మా నాయన కాగులో ముంచితే ఏ రంగు వస్తుందో ఆ రంగే వచ్చింది. అంజినమ్మ కూడా ఆగింది.

"సున్నం మంచిదే సార్" అంది నెమ్మదిగా. "పొద్దున్నే కొనకొస్తి. అందరూ శకునం బాగలేదంటారని గమ్మునుంటి."

ఆ రోజే వంక వెంట ఎగువకు నడిచాం. రాళ్లకు తుప్పు రంగు పూత పట్టి ఉంది. ఒక తావున గట్టు మీద ట్యాంకరు టైర్ల గుర్తులు వంకలోకి దిగి ఉన్నాయి. ఎగువ ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో ఇనుప కడ్డీలకు పట్టిన తుప్పు పోవడానికి వాటిని ఆసిడ్‌లో ముంచి తీస్తారు. సారం అయిపోయిన ఆసిడ్‌ను ఏదో ఒకటి చేయాలి. వాన పడేదాకా ఆగి, వంక పారుతున్నప్పుడు వదిలేస్తే సులువు, వాననీళ్లు మోసుకుపోతాయి.

మామూలు నేలలైతే కొంత ఆమ్లాన్ని విరిచేసుకుంటాయి, అంటే దాని ఘాటును చంపేస్తాయి. తాడిపత్రి వైపు సున్నపురాయి ఉంది, అక్కడి చెరువు తట్టుకునేదేమో. ఇక్కడ చుట్టూ ఉన్నది గుండురాయి, అంటే గ్రానైటు. దాంట్లో విరిచే గుణం లేదు. చెరువు నోరు తెరుచుకుని మింగడమే.

ఫోటోకు బాగా పడిన చేపపిల్లలు

మా పై ఆఫీసరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయనకు పని మీద ప్రేమ ఉంది, తొందర ఉంది, నీళ్ల మీద శ్రద్ధ లేదు. ఈ చెరువులో ఇప్పుడు చేపపిల్లలు వదలొద్దని చెప్పాను. ఆయన వచ్చి గట్టు మీద నిలబడి చూశాడు.

"మినరల్ వాటర్ లాగుంది కదయ్యా. బురదలో వదిలితే ఏం కనబడుతుంది? ఫోటో ఇక్కడ బాగా వస్తుంది" అన్నాడు.

నాయకులను పిలిచారు, షామియానా వేశారు. ప్లాస్టిక్ సంచుల్లోంచి చేపపిల్లలను వదులుతుంటే తేట నీళ్లలో అవి గుంపుగా తిరగడం నిజంగానే చూడముచ్చటగా ఉండింది. మర్నాడు పొద్దున్నే గట్టు పొడవునా తెల్లగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ప్రయాణంలో అలిసిపోయి చచ్చాయని మా ఆఫీసరు తేల్చాడు. అంజినమ్మ గంపతో ఎత్తి గుంతలో పూడ్చింది. నరసింహులు మాత్రం, "ఇంగేం సార్, బస్సెక్కుదామా?" అన్నాడు నా మొహంలోకి చూసి.

"ఒక్క ఏడు ఓర్చుకో నరసింహులూ. సున్నమేసి చూద్దాం" అన్నాను.

అతడు భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది.

సున్నం ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవండి, మీకు అసలు పనికొచ్చేది ఇదే.

ఆమ్లంతో పులిసిన చెరువును సున్నంతో విరవొచ్చు. ఊరివాళ్లకు నేను వేరే పాఠం చెప్పలేదు. చెరువంతా ఒక పెద్ద పళ్లెం అనుకోండి, ఎర్రనీళ్లు ఎర్రబడి నిలిచేదాకా సున్నం వేయాలి అన్నాను. వెంటనే అర్థమైంది. కానీ నెమ్మదిగా, తక్కువ తక్కువగా, సున్నపురాయి పొడితో చేయాల్సిన పని అది. మా ఆఫీసరుకు అంత ఓపిక లేదు. బట్టీలో కాల్చిన ఘాటు సున్నం లారీతో తెప్పించి, ఒకే రోజు మొత్తం చల్లించాడు. నేను వద్దన్నాను. "మందు వేసేదేదో ఒకేసారి వేస్తే పోతుంది కదా" అన్నాడు.

ఆసిడ్ వెంట కరిగివచ్చిన ఇనుము నీళ్లలో ఉంది. సున్నం తగలగానే అదంతా ఒక్కసారిగా తుప్పుబురదై విడిపోయింది. మట్ట, కొర్రమీను లాంటి మొండి చేపలు అప్పటిదాకా ఎట్లాగో ప్రాణాలు పట్టుకుని ఉన్నాయి. అవి కూడా తేలాయి. ఒకదాని మొప్పలు విప్పి చూశాను. గోధుమరంగు జిగురు పట్టి మూసుకుపోయాయి. ఆసిడ్ చంపలేని వాటిని మా వైద్యం చంపింది.

తర్వాత నేనూ సంఘంవాళ్లూ కలిసి, ఆఫీసరుకు చెప్పకుండా, వంక నోటి దగ్గర సున్నపురాయి ముక్కలతో అడ్డకట్ట లాంటిది పరిచాం. నీళ్లు ఆ రాళ్ల మధ్య నుంచి పారుతూ విరుగుతాయని. కొన్నాళ్లు బాగా పనిచేసింది. ఆ తర్వాత ఒక్కో రాయికీ తుప్పు పూత పట్టింది. పూత పట్టిన రాయి పనిచేయదు, పెంకు లోపల ఉన్నట్టే ఉంటుంది. రాళ్లను కదిలించి, ఒకదానికొకటి రుద్ది పూత రాల్చాలి. ఆ పని అంజినమ్మ ఎత్తుకుంది. వానాకాలమంతా, చేతులకు గోనెపట్టా చుట్టుకుని, గడ్డపారతో రాళ్లు తిరగేసింది. కాళ్లు పగిలాయి. చీర అంచు తుప్పు రంగుకు తిరిగి అట్లాగే నిలిచిపోయింది. నరసింహులు మొదట్లో గట్టు మీద కూర్చుని గొణిగేవాడు, తర్వాత అతడూ దిగాడు.

దాని ఫలితం నేను కళ్లారా చూశాను. నీళ్లు మెల్లగా మబ్బుబట్టాయి, పచ్చబడ్డాయి. కొంగలు తిరిగొచ్చాయి. మరుసటేడు వదిలిన బొచ్చె చేపపిల్లలు బతికాయి, అరచేయంత అయ్యాయి. అంజినమ్మ కొన్నిటిని పట్టి పులుసు పెట్టి నాకు వడ్డించింది. "మురుగు వాసనొస్తాది సార్" అంది నవ్వుతూ. ఆ వాసన ఎంత బాగుండిందో చెప్పలేను. నరసింహులు ఆ రోజు బెంగళూరు మాట ఎత్తలేదు. నా ఉద్యోగమంతటిలో సంతోషం అని చెప్పుకోగలిగింది ఆ భోజనమే.

పొగ సంగతి

మధ్యలో ఒక మాట. ఆమ్లం వంకలో నుంచే రాదు, పైనుంచి కూడా వస్తుంది. హిందూపురంలో నేను అద్దెకున్న ఇంటి మిద్దె మీద గాజుగిన్నె పెట్టి వాననీళ్లు పట్టి చూసేవాణ్ణి. మొదటి వాన మంచిగానే ఉండేది. మన దుమ్ములో కాస్త సున్నం గుణం ఉంది, గాలిలోని పులుపును అది విరిచేస్తుంది. దుమ్మంతా కడిగేశాక పడే వానలో అసలు రంగు బయటపడేది, ముఖ్యంగా గాలి పొగగొట్టాల వైపు నుంచి తిరిగిన రోజున. కాబట్టి మొదటి వాన పట్టి చూసి అంతా బాగుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

దీనికి మందు లేదా అంటే ఉంది. పొగను సున్నపునీళ్లతో కడిగి వదలొచ్చు. సారం పోయిన ఆసిడ్‌ను మళ్లీ శుద్ధి చేసి వాడుకోవచ్చు, లేదా గోడ లోపలే తొట్టి కట్టి విరిచి వదలొచ్చు. ఇవేవీ కొత్త విద్యలు కావు, ఎవరూ దాచిపెట్టలేదు. గోడ లోపల సులువుగా అయ్యే పనిని, గోడ బయట అంజినమ్మ గడ్డపారతో చేస్తూ ఉండాలి. చెరువుకు సున్నం వేయడమంటే ఒక ఇంట్లో రోజూ అన్నంలో విషం కలుపుతుంటే, మనం వీధిలో నిలబడి ఆ ఇంటివాళ్లకు మాత్రలు పంచడమే. ఈ మాట నేను ఎన్నో మీటింగుల్లో చెప్పాను. టీ బాగుందని అందరూ అన్నారు.

ఒక పొద్దున

చేపలు పట్టే అదనుకు ఇంకా కొద్దిరోజులే ఉంది. రాత్రంతా వాన. పొద్దున్నే అంజినమ్మ ఫోన్ చేసింది.

"సార్, రాండి" అని పెట్టేసింది.

నేను వెళ్లేసరికి రాళ్లకట్ట కొట్టుకుపోయి ఉంది. వంకలో వచ్చింది వరద ఒక్కటే కాదు, ఆ ఘాటు నాకు దూరం నుంచే తెలిసింది. ఈసారి కాగితం ముంచలేదు. చేపలు గట్టు పొడవునా ఉన్నాయి, పెద్దవి, అమ్మకానికి తయారైనవి. నరసింహులు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే కడ్డీల ఫ్యాక్టరీకి పోయాను. మేనేజరు కుర్చీ వేశాడు. "మా దగ్గర అంతా రూల్ ప్రకారమే సార్. వరదకు చేపలు చావడం మామూలే కదా, మీకు తెలియందేముంది" అన్నాడు. ఆసిడ్ సంగతి చూడాల్సిన కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్లు కూడా వచ్చారు, కానీ వాన వెలిసిన చాలా రోజులకు. తెప్ప మీద చెరువు నడిమధ్యకు పోయి నీళ్లు పట్టారు. వంక నోటి దగ్గర పట్టమని ఎంతో చెప్పాను. నడిమధ్యే పద్ధతి అన్నారు. అంత నీళ్లలో కలిసిపోయాక ఏం దొరుకుతుంది? ఏమీ దొరకలేదు. గట్టిగా అడిగే హక్కు నాకు లేదు, నేను చేపల ఆఫీసర్ని. చచ్చిన చేపలు మాత్రమే నా శాఖ.

అంజినమ్మ భర్తకు ఇచ్చిన మాటకు అడ్డం రాలేదు. గడ్డపార కడిగి చూరులో పెట్టింది. "పోయి రాప్పా. నేను అవ్వను సూసుకుంటా ఈడ ఉంటా" అంది భర్తతో. ముసలి అత్తను వదిలి ఆమె కదలలేదు. అతడొక్కడే సంచి పట్టుకుని బస్సెక్కాడు. నిలిస్తే అందరం ఇక్కడే నిలుస్తాం అన్న ఇల్లు రెండు ఊళ్లైంది. నేను బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత నేను కూడా ఎక్కువ రోజులు ఉద్యోగంలో లేను.

చివరి మాట

పోయినేడు పని మీద హిందూపురం పోతే, ఆటో కోసం నిలబడినచోట ఒకామె "సార్" అని పిలిచింది. చీర మీద నీలం చొక్కా, మెడలో కార్డు. అంజినమ్మ. ఆ ఫ్యాక్టరీలోనే పనికి కుదిరిందట. నేను తబ్బిబ్బు పడడం చూసి ఆమే నవ్వింది.

"యాడికి పోయేది సార్? దగ్గర్లో ఉండేది అదే కదా. ఇప్పుడు లోపల సున్నం తొట్టి కట్టినారు. నాకు సున్నమేసే పని వచ్చని ఎవురో చెప్పినారంట, పిలిచి ఇచ్చినారు."

ఇన్నేళ్లూ నేను అడిగింది ఆ తొట్టే. గోడ లోపల, అంజినమ్మ చేతిలో ఉంటే ఇంకేం కావాలి అనిపించింది.

"దినామూ ఏస్తాండారా అంజినమ్మా?"

"ఆఫీసర్లు వస్తారని ఫోన్ వస్తే ఏస్తాం సార్. ఆ దినం పసుపేసి, ఎర్రగా తిరిగి నిలిచేదాకా సూసుకుంటా. మీరు చెప్పినట్లే, కొంచెం కొంచెంగా ఏస్తా. ఒక్క తప్పు లేదు."

"మిగతా దినాలు?"

"మిగతా దినాలు నేల ఊడుస్తా."

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, ఏదో గుర్తొచ్చినట్టు తల బయటికి పెట్టింది.

"చెరువు తట్టు పోతారా సార్?"

"పోదామనే అనుకుంటాండా."

"పోవాకండి" అంది. "తేటగా ఉండాది."